చెవికి అందే ఇల్లు

మాదాపూర్ గుట్టల నడుమ 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట వైపు లేచిన కట్టడాలన్నీ ప్రధానంగా కంటి కోసం కట్టినవే. అద్దాల ముఖభాగం, వెలుతురు ధారాళంగా వచ్చే హాలు, పై అంతస్తు బాల్కనీలోంచి కనిపించే దుర్గం చెరువు, గోడలో కలిసిపోయిన స్విచ్చులు, నునుపైన టచ్ ప్యానెళ్లు వంటి ఫ్లాటు ధర పెంచే హంగులన్నీ చూపుతో ముడిపడినవే. చూపు లేనివారు గాని, చూపు క్రమంగా తగ్గిపోతున్నవారు గాని అదే ఫ్లాటులో నివసించవలసి వస్తే వారికి ఆ ఇల్లు ఎలా తెలుస్తుందన్న ప్రశ్న ప్లాను గీసే బల్ల దగ్గర వినిపించటం అరుదు. ఇటుక, సిమెంటు, టైల్సుతో పాటు ధ్వనిని కూడా నిర్మాణ సామగ్రిగా లెక్కించి, అడుగుల చప్పుడు, చేతికర్ర తాకిడి, గోడ నుంచి తిరిగివచ్చే మోత ఆధారంగా మనిషి తానెక్కడున్నాడో, ఎటు తిరగాలో తెలుసుకొనేలా గదులను రూపొందించే పద్ధతి ఒకటి ఉంది. దీనికి గోడల నిండా స్పీకర్లు బిగించవలసిన పని లేదు. నిజానికి చాలా సందర్భాల్లో అవి పని చెడగొడతాయి.

శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలియటానికి మూలం చెవులు రెండు కావటం. ఎడమ పక్కన మోగిన శబ్దం ఎడమ చెవిని చేరిన తరువాత, తల చుట్టి కుడి చెవిని చేరటానికి మరో 0.6 లేక 0.7 మిల్లీసెకన్లు, అంటే సెకనులో వెయ్యో వంతు కంటె తక్కువ కాలం పడుతుంది. అంత చిన్న వ్యత్యాసాన్ని కూడా మెదడు పట్టుకొని దిక్కు తేలుస్తుంది. కీచుగా ఉండే శబ్దాలకు, అంటే సెకనుకు ఎక్కువ కంపనాలు గల శబ్దాలకు, తల అడ్డుపడి ఆవలి చెవి వైపు ఒక ధ్వని నీడను ఏర్పరుస్తుంది కనుక, అక్కడ కాలంలోని తేడా కంటె బిగ్గరతనంలోని తేడా ఎక్కువ పనికివస్తుంది. ఈ రెండు మార్గాలను జోడించి చెప్పే సిద్ధాంతాన్ని బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లో ప్రకటించాడు. ఇంటి వరకు దీని ఫలితం ఏమిటంటే, ఒకే స్వరంలో సాగే బీప్ శబ్దం గదిలో ఏ మూల నుంచి వస్తోందో పోల్చుకోవటం కష్టం. గోడగడియారపు టిక్కుటిక్కు, కుళాయి నీటి చప్పుడు, కర్ర కొన నేలకు తగిలినప్పటి టకటక మొదలైనవి అనేక కంపనాలు కలగలిసినవి కాబట్టి వాటి చోటు వెంటనే తెలుస్తుంది. మైక్రోవేవ్ పొయ్యి, వాషింగ్ మెషిన్, ఇన్వర్టర్, ఫ్రిజ్జు అన్నీ ఇంచుమించు ఒకే గొంతుతో బీప్‌మనే నేటి వంటింట్లో ఏది పిలిచిందో చూపున్నవారికే వెంటనే తెలియదు.

గోడను చెవితో పసిగట్టటం వింతగా తోచవచ్చు గాని, ఆ నేర్పు మనుషులకు చాలాకాలంగా ఉన్నదే. చూపులేని వ్యక్తి ఎదుట ఉన్న అడ్డంకిని ముఖానికి తగిలే గాలిని బట్టి గ్రహిస్తాడని ఫ్రెంచి తత్త్వవేత్త డిడెరో 1749లో రాశాడు. ఆ తరువాత చాలాకాలం పాటు దీన్ని చర్మానికి గల ప్రత్యేక శక్తిగా భావించి ముఖదృష్టి అని వ్యవహరించారు. అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన సూపా, కాట్జిన్, డాలెన్‌బాక్ అనే ముగ్గురు 1944లో ప్రచురించిన ప్రయోగాలు ఈ చిక్కును విప్పాయి. చూపులేనివారు, కళ్లకు గంతలు కట్టుకున్న చూపున్నవారు కలిసి పాల్గొన్న ఆ ప్రయోగాల్లో ముఖాన్నీ చేతులనూ కప్పివేసినా గోడ జాడ తెలిసింది. చెవులు మూసినప్పుడు మాత్రం తెలియక దాన్ని ఢీకొన్నారు. ముగ్గురు పరిశోధకుల్లో సూపా స్వయంగా చూపులేనివాడు. అదే సంవత్సరం జీవశాస్త్రవేత్త డొనాల్డ్ గ్రిఫిన్, గబ్బిలాలూ చూపులేని మనుషులూ కూడా వాడే ఈ పద్ధతికి ఎకోలొకేషన్ అని పేరు పెట్టాడు. ప్రతిధ్వని ద్వారా వస్తువుల ఉనికిని గుర్తించటం అని దాని అర్థం.

గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్ల వేగంతో సాగుతుంది. మీటరు దూరంలోని గోడకు తగిలిన చప్పుడు దాదాపు 6 మిల్లీసెకన్లలో, 3 మీటర్ల దూరంలోని గోడకు తగిలినది 17 మిల్లీసెకన్లకు కొంచెం పైగా తీసుకొని తిరిగివస్తాయి. కొండల్లో కేక వేస్తే వినిపించే ప్రతిధ్వని వేరు. ఇంత తక్కువ వ్యవధిలో తిరిగివచ్చినదాన్ని చెవి విడిగా వినదు. అది మొదటి శబ్దంలో కలిసిపోయి, ఖాళీ బిందెలో నోరు పెట్టి మాట్లాడితే గొంతు మారినట్టుగా, దాని నాదాన్ని మాత్రం మారుస్తుంది. అలవాటు పడిన చెవి చదువుకొనేది ఆ మార్పునే. నాలుకతో టక్కుమనిపిస్తూ దారి తెలుసుకొనే నేర్పరుల మెదడును లోర్ థేలర్ బృందం 2011లో స్కాను చేసినప్పుడు, మామూలుగా చూపు పని చూసే భాగం ఆ ప్రతిధ్వనులకు స్పందించటం కనిపించింది. థేలరే 2021లో ప్రచురించిన మరో అధ్యయనంలో, 21 నుంచి 79 ఏళ్ల వయసు గల 12 మంది చూపులేనివారు పది వారాల శిక్షణతో ఈ విద్యలో గణనీయంగా మెరుగుపడ్డారు. అంటే ఇది పుట్టుకతోనో పసితనంలోనో మాత్రమే అబ్బే వరం కాదు.

ఈ నేపథ్యంలో కొండాపూర్‌లోనో మణికొండలోనో ఉన్న ఒక సాధారణ డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటును పరిశీలిస్తే, ధ్వని విషయంలో దాని పెద్ద లోపం మోత ఎక్కువగా ఉండటం కాదు, అన్ని గదులూ ఒకేలా మోగటం. సింహద్వారం నుంచి బాల్కనీ తలుపు దాకా ఒకే కొలత, ఒకే నునుపు గల విట్రిఫైడ్ టైల్సు, అంతటా ఒకే ఎత్తులో స్లాబు, లప్పం పెట్టి రంగు వేసిన ఒకే రకం గోడలు ఉంటాయి. కంటికి అది ఎడతెగని విశాలత్వంగా కనిపిస్తుంది, అమ్మకపు కరపత్రంలో ఆ మాటే ఉంటుంది. కర్ర కొనకు మాత్రం హాలులో వచ్చిన చప్పుడే వంటింటి గుమ్మం దగ్గరా, పడకగదిలోనూ వస్తుంది. గోడల దూరం మారిన మేరకు నాదం మారినా, ఆ మార్పు సన్ననిది కావటం వల్ల ఫ్యాను తిరుగుతున్నా, టీవీ నడుస్తున్నా చెదిరిపోతుంది.

గదిలో మోత ఎంతసేపు నిలుస్తుందో లెక్క కట్టటం నేర్పినవాడు వాలెస్ సాబైన్. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరంలో మాట స్పష్టంగా వినపడటం లేదని 1895లో ఆ సమస్యను భౌతిక శాస్త్ర అధ్యాపకుడైన ఆయనకు అప్పగించారు. ఆయన సమీపంలోని నాటకశాల నుంచి సీట్ల దిండ్లు మోయించి తెచ్చి, వాటిని కొన్ని కొన్నిగా పరుస్తూ, ఆర్గన్ గొట్టం మోగించి ఆపి, ఆ నాదం చెవికి అందకుండా పోయేవరకు పట్టిన సమయాన్ని నగరం సద్దుమణిగిన రాత్రివేళ కొలిచాడు. ఆ శ్రమ ఫలితమైన సూత్రం ప్రకారం, గది ఘనపరిమాణం పెరిగిన కొద్దీ మోత నిలిచే కాలం పెరుగుతుంది, ధ్వనిని పీల్చుకొనే ఉపరితలం పెరిగిన కొద్దీ తగ్గుతుంది. దీన్ని మన హాలుకు అన్వయించవచ్చు. 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల హాలు ఘనపరిమాణం 72 ఘనపు మీటర్లు; నేల, కప్పు, గోడలు కలిపి 108 చదరపు మీటర్లు. సామాను చేరని ఇంటిలో ఈ ఉపరితలాలు తమ మీద పడిన ధ్వనిలో సగటున 5 శాతమే పీల్చుకుంటాయనుకుంటే మోత రెండు సెకన్లకు పైగా నిలుస్తుంది. గృహప్రవేశం నాడు పంతులుగారి మంత్రాలు గదంతా మారుమోగటానికి కారణం ఇదే. సోఫాలు, కర్టెన్లు, తివాచీ, పుస్తకాల బీరువా చేరి పీల్చుకొనే శక్తి నాలుగింతలయితే అదే హాలులో మోత అర సెకనుకు కాస్త అటూ ఇటుగా దిగుతుంది.

మోత ఎంత ఎక్కువైతే గోడ జాడ అంత బాగా తెలుస్తుందని అనుకోవటం పొరపాటు. దీర్ఘంగా నిలిచే మోత, దగ్గరి గోడ నుంచి మొదట తిరిగివచ్చే చిన్న ప్రతిధ్వనిని తనలో ముంచివేస్తుంది. మరీ మెత్తని గదిలోనైతే అసలు ఏదీ తిరిగిరాదు. కోరదగినది ఈ రెండింటిలో ఏదీ కాక, గదికీ గదికీ మధ్య స్పష్టమైన తేడా. సింహద్వారం లోపలి చిన్న భాగానికి జిప్సం బోర్డుతో ఫాల్స్ సీలింగ్ దించి, హాలు కప్పును స్లాబు ఎత్తులోనే వదిలేస్తే, లోపలికి వచ్చిన మనిషికి నాలుగు అడుగుల్లోనే తల మీద చోటు తెరుచుకున్నట్టు చెవికి తెలుస్తుంది. పడకగదులకు దారితీసే నడవ వెడల్పు 1.2 మీటర్లయితే మధ్యలో నడిచేవారి చప్పుడు ఇరువైపుల గోడల నుంచి 3.5 మిల్లీసెకన్లలో తిరిగివస్తుంది. హాలు మధ్యలో అదే పక్క గోడల నుంచి దాదాపు 12 మిల్లీసెకన్లు పడుతుంది. నడవలో తివాచీలు, వేలాడే తెరలు, చెప్పుల స్టాండు లేకుండా గోడలను బోడిగా ఉంచితే ఈ వ్యత్యాసం చెవికి దొరుకుతుంది. పడకగదిలో చెక్క పలకల నేల వేస్తే అడుగు కింద బోలుగా పలుకుతుంది, పరుపూ కర్టెన్లూ మిగిలిన మోతను మింగేస్తాయి. వంటిల్లూ స్నానాల గదీ ఎలాగూ గ్రానైటు, సిరామిక్ టైల్సుతో గట్టిగా మోగుతాయి గనుక వాటికి ప్రత్యేకంగా ఏమీ చేయనక్కరలేదు.

తలుపుల సంగతి మరికొంత వివరంగా చెప్పుకోవలసినది. నడవ వెంట నడిచే మనిషికి, పూర్తిగా తెరిచిన తలుపు ఉన్నచోట ఆ పక్క గోడ ఉన్నట్టుండి మాయమైనట్టు వినిపిస్తుంది, మూసిన తలుపు గోడలో భాగంగా వినిపిస్తుంది. రెండూ నమ్మదగిన గుర్తులే. సగం తెరిచిన తలుపు సన్నని అంచు మాత్రం మనిషికి ఎదురుగా నిలబడి ఉంటుంది. అంత తక్కువ వెడల్పు నుంచి తిరిగివచ్చే ధ్వని దాదాపు శూన్యం, చేతికర్ర దాని కిందుగానో పక్కగానో దాటిపోవచ్చు, దెబ్బ నుదుటికి తగులుతుంది. అందువల్ల చూపులేనివారు ఉండే ఇంటికి గోడలోకి జరిగే స్లైడింగ్ తలుపులు గాని, తమంతట మూసుకొనే స్ప్రింగు తలుపులు గాని మేలు. వంటింటి పై అరల తలుపులకూ ఇదే వర్తిస్తుంది.

తెలుగునాట పాత ఇళ్లలో గదికీ గదికీ మధ్య ఈ ధ్వని తేడా ఎవరూ పనిగట్టుకొని చేయకుండానే ఉండేది. మండువా లోగిలిలో వీధి అరుగు నుంచి లోపలి చావడికి, అక్కడి నుంచి ఆకాశానికి తెరిచిన మండువాకు, దాన్ని దాటి వంటింటికి వెళ్లేసరికి నేల, కప్పు, గాలి అన్నీ మారిపోయేవి. మండువాలోకి అడుగుపెట్టగానే తల మీదుగా తిరిగివచ్చే మోత ఆగిపోవటమే ఇంటి నడిబొడ్డుకు చేరిన గుర్తు. ప్రతి గుమ్మానికీ ఉన్న గడప కాలికి సరిహద్దు చెప్పేది. చక్రాల కుర్చీకి అడ్డం కాకూడదని ఇప్పటి భవనాల్లో గడపలను తీసివేయటం న్యాయమైన పనే గాని, ఒకరికి అడ్డంకి అయినది మరొకరికి ఆనవాలు అవుతుందన్న సంగతి ఇక్కడే బయటపడుతుంది. గడప పోయినచోట నేల పలుకు మారేలా, ఉదాహరణకు నునుపు టైల్సు మధ్య గుమ్మం మేరకు గరుకు తాండూరు బండ పరచటం ద్వారా, ఇద్దరి అవసరమూ తీర్చవచ్చు. పాత ఇంటిని ఆకాశానికి ఎత్తవలసిన పని మాత్రం లేదు. మెట్లు, చీకటి మూలలు, తలకు తగిలే దూలాలు అక్కడ లేకపోలేదు. కట్టడంలో ధ్వనిని తెలిసి వాడిన ఉదాహరణ కావాలంటే అది హైటెక్ సిటీకి ఎంతో దూరంలో లేదు. గోల్కొండ కోట ప్రవేశం దగ్గర గుమ్మటం కింద చరిచిన చప్పట్లు కొండ కొనన ఉన్న బాలాహిసార్ దాకా వినిపించటం పర్యాటకులందరికీ తెలిసిన విషయమే.

చూపులేనివారి కోసమే ధ్వనిని ఆలోచించి కట్టిన భవనం మన దేశంలో గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఉంది. చూపులేని, చూపు తక్కువైన పిల్లల కోసం సీల్యాబ్ అనే వాస్తుశిల్ప సంస్థ రూపొందించిన ఆ పాఠశాల భవనం 2021లో పూర్తయింది. మధ్యలో ఒక ముంగిలి, దాని చుట్టూ తరగతి గదులు అన్న సరళమైన అమరిక పిల్లల మనసులో తేలికగా నిలుస్తుంది. అక్కడి ప్రవేశ భాగపు కప్పు ఎత్తు 3.66 మీటర్లు, నడవలోకి వెళ్లేకొద్దీ ఎత్తూ వెడల్పూ తగ్గుతూ 2.26 మీటర్లకు వస్తాయి. మాట్లాడుతూ నడిచే పిల్లవాడికి తన గొంతే తాను ఎక్కడున్నాడో చెప్పేలా ఈ కొలతలను ఉద్దేశపూర్వకంగా మార్చారు. గోడలకు చేతికి తెలిసే వేర్వేరు గరుకు పూతలు, తరగతి గది గుమ్మాల దగ్గర గరుకు రాతి నేల, ముంగిళ్లలో సువాసన మొక్కలు కూడా ఉండటం గమనించదగ్గది, ఎందుకంటే చెవి ఒక్కదానిమీదే భారమంతా వేయటం వివేకం కాదని రూపకర్తలు గ్రహించారు.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రిస్ డౌనీ అనే వాస్తుశిల్పి 2008లో శస్త్రచికిత్స అనంతరం చూపు కోల్పోయాడు. వృత్తిని వదలకుండా, ప్లాన్లను ఉబ్బెత్తు గీతలుగా ముద్రించుకొని వేళ్లతో చదవటం నేర్చుకొని, ఆ నగరంలో చూపులేనివారి సేవలో ఉన్న లైట్‌హౌస్ సంస్థ కొత్త కార్యాలయానికి సలహాదారుగా పనిచేశాడు. అక్కడ నడవలకు పాలిష్ చేసిన కాంక్రీటు నేల వేయటం వెనక ఉద్దేశం చేతికర్ర చప్పుడు స్ఫుటంగా పలకటమే. గదుల్లో మాత్రం మెత్తని సామగ్రి వాడారు. ఆయన పని నుంచి మన బిల్డర్లు గ్రహించవలసిన సంగతి ఒకటుంది. కార్యాలయాల్లో నిశ్శబ్దం ఖరీదైన నాణ్యతగా చలామణీ అవుతుంది. అడుగడుగునా పరిచిన తివాచీ చూపులేని ఉద్యోగికి దారిని తుడిచివేస్తుందని సైబరాబాద్ టవర్ల లోపలి అలంకరణ చేసేవారికి తట్టదు.

ఇంత చర్చా పుట్టుకతో చూపు లేనివారిని తలచుకొని చేస్తే సరిపోదు. ఎల్.వి.ప్రసాద్ కంటి సంస్థ పరిశోధకులు 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మందిని పరీక్షించి చేసిన అధ్యయనంలో అంధత్వం 1.84 శాతంగా తేలింది, దానికి అతి పెద్ద కారణం శుక్లాలు. శుక్లాలను ఆపరేషనుతో తొలగించవచ్చు. నీటికాసులు, మధుమేహం వల్ల దెబ్బతిన్న రెటీనా వంటి వ్యాధుల్లో పోయిన చూపు చాలావరకు తిరిగిరాదు. ఇవి ఎక్కువగా పెద్ద వయసులో వచ్చే జబ్బులు. కొడుకో కూతురో గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ ఊరి నుంచి తెచ్చుకున్న తల్లిదండ్రులకు, అరవై ఏళ్లు తిరిగిన పాత ఇల్లు కాక, ఏ గుర్తూ లేని కొత్త ఫ్లాటులో చూపు తగ్గటం మొదలవుతుంది. ఆ వయసులోనే కీచు శబ్దాలను వినే శక్తి కూడా సన్నగిల్లుతుంది. ప్రతిధ్వనిలో చోటును పట్టించేవి చాలావరకు ఆ శబ్దాలే. అందువల్ల పెద్దలున్న ఇంటిలో నడవ పొడవునా చేతికి తగిలే కడ్డీ, గుమ్మం పక్కన వేలికి తెలిసే గుర్తు, రంగుల మధ్య గట్టి తేడా కూడా ఉండాలి. కర్ర పట్టి నడవటం, చప్పుళ్లను చదవటం నేర్పే శిక్షణకు ఓరియంటేషన్ అండ్ మొబిలిటీ అని పేరు. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1944 ప్రాంతంలో రిచర్డ్ హూవర్ అమెరికా సైనిక ఆసుపత్రిలో రూపొందించిన పొడవు కర్ర పద్ధతి దీనికి పునాది. హైదరాబాదులో ఎల్.వి.ప్రసాద్ సంస్థ పునరావాస విభాగంలోనూ, సికింద్రాబాద్‌లో ఉన్న జాతీయ దృష్టి దివ్యాంగుల సాధికారత సంస్థ ప్రాంతీయ కేంద్రంలోనూ చూపులేనివారికి పునరావాస సేవలు అందుతున్నాయి.

గోడలు, నేల తరువాత ఆలోచించవలసినవి ఇంటిలో ఎప్పుడూ మోగే వస్తువులు. చోటు మారకుండా సన్నగా మోగే ఒక్క గోడగడియారం హాలులో సింహద్వారానికి ఎదురుగా ఉంటే, గుమ్మంలో నిలిచిన వ్యక్తికి గది పొడవు, ముఖం తిరిగిన దిక్కు రెండూ తెలుస్తాయి. మర్నాడు దాన్ని పక్క గోడకు మారిస్తే ఆ ఇంటి పటమే తలకిందులవుతుంది. ఒక శబ్దం మరొక శబ్దాన్ని కప్పివేయటాన్ని మాస్కింగ్ అంటారు. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను, పాత ఏసీ, పొద్దస్తమానం నడిచే టీవీ చేసేది అదే. చూపున్నవారికి లైటు ఆర్పివేయటంతో ఇది సమానం. తిప్పితే టక్కుమనే గుండీ, చప్పుడుతో వెలిగే గ్యాసు పొయ్యి తమ స్థితిని తామే చెబుతాయి. వాటి స్థానంలో వస్తున్న గాజు పలక మీది టచ్ గుర్తులు ఏ వేలికీ అందవు, ఇండక్షన్ పొయ్యి వేడెక్కినట్టు చెవికి తెలియదు. మాటతో పనిచేసే పరికరాలు కొంత లోటు తీరుస్తాయి. ఆండ్రాయిడ్ ఫోనులోని టాక్‌బ్యాక్ తెలుగు అక్షరాలను చదివి వినిపిస్తుంది. తెలుగు మాటను యంత్రం చేత పలికించటంపై గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో చాలా ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. అయితే ఇవన్నీ అడిగితే చెప్పేవి. నడుస్తున్న మనిషికి కావలసినది అడగకుండానే ప్రతి అడుగుకూ అందే సమాచారం, దాన్ని ఇవ్వగలిగినది గోడా నేలా మాత్రమే.

ఫ్లాటు గుమ్మం దాటిన తరువాత పరిస్థితి ఇంకా చిక్కుగా ఉంటుంది. బహుళ అంతస్తుల సముదాయంలో ప్రతి అంతస్తు లాబీ మరొక అంతస్తు లాబీకి నకలు. లిఫ్టు అంతస్తు పేరు పలకకపోతే ఎక్కడ దిగినదీ తెలియదు. పైకి వెళ్లే లిఫ్టు వస్తే ఒకసారి, కిందికి వెళ్లేది వస్తే రెండుసార్లు గంట మోగాలని అమెరికా ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. ఇంతకంటె చవకైన ఏర్పాటు ఊహించటం కష్టం. కొత్త ఐటీ టవర్లలో అంతస్తు సంఖ్యను లిఫ్టు బయటే టచ్ తెరపై నొక్కి, ఏ లిఫ్టు ఎక్కాలో తెరపై చూసుకొనే పద్ధతి వ్యాపిస్తోంది. ఇటువంటి యంత్రాల్లో చాలావాటికి చక్రాల కుర్చీ గుర్తు గల ఒక మీట ఉండి, దాన్ని నొక్కితే సూచనలు మాటగా వినిపించే సదుపాయం ఉంటుంది గాని, బిగించేటప్పుడు దాన్ని పనిచేయించమని భవన యజమాని అడగాలి. అగ్నిప్రమాదపు సైరను మరో సమస్య. అందరినీ లేపటానికి అది బిగ్గరగానే మోగాలి, ఆ మోతలో చూపులేనివారి ఆనవాళ్లన్నీ మునిగిపోతాయి కనుక, మెట్ల తలుపు దగ్గర విడిగా పలికే సూచన లేకపోతే దారి దొరకదు. కింద స్టిల్ట్ పార్కింగులో స్తంభాల మధ్య నుంచి చప్పుడు లేకుండా వచ్చే విద్యుత్ కారు వేరొక ప్రమాదం. యూరోపులో కొత్త రకం విద్యుత్ కార్లు నెమ్మదిగా కదిలేటప్పుడు కృత్రిమ ధ్వని చేయాలన్న నిబంధన 2019 జూలై నుంచి అమలులో ఉంది.

ప్రజా రవాణాలో ధ్వనితో దారి చూపే ఆలోచన ఇంటికంటె ముందుంది. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి 2019 మార్చిలో, అక్కడి నుంచి రాయదుర్గానికి అదే ఏడాది నవంబరులో మొదలైన మెట్రో రైలులో రాబోయే స్టేషను పేరు తెలుగు, హిందీ, ఇంగ్లిషు భాషల్లో వినిపిస్తుంది, స్టేషన్లలో కాలికి తెలిసే గరుకు పలకల బాట ఉంది. జపాన్ స్టేషన్లలో టికెట్ గేటు దగ్గర మృదువైన గంట, ప్లాట్‌ఫారం మెట్ల దగ్గర పక్షి కూత ఒక నిర్ణీత చోటు నుంచి వస్తూ ఉంటాయి. మాటలతో చెప్పే ప్రకటన కంటె ఇది మెరుగు, ఎందుకంటే మాట ఏం చేయాలో చెబుతుంది, కూత ఎక్కడుందో చెబుతుంది. రాయదుర్గం స్టేషను మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేసరికి మాత్రం ఈ ఆలోచన ఆగిపోతుంది. నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 డెసిబెళ్లు, వాణిజ్య ప్రాంతాల్లో 65, 55 డెసిబెళ్లు దాటరాదని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు చెబుతున్నాయి. శబ్దాన్ని ఎడతెగకుండా కొలిచే జాతీయ వ్యవస్థ 2011లో మొదలైనప్పుడు ఎంపికైన ఏడు నగరాల్లో హైదరాబాదు ఒకటి. పునాదుల కోసం గుండ్రాళ్లను పగలగొట్టే మోత, హారన్లు, జనరేటర్లు నిండిన ఐటీ కారిడార్‌లో ఈ హద్దులు చూపున్నవారికి చిరాకు సంబంధమైన విషయం కావచ్చు. చెవితో నడిచేవారికి దారి సంబంధమైనది.

చట్టం వైపు చూస్తే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 44వ సెక్షన్ ప్రకారం, అందుబాటు ప్రమాణాలను పాటించని ప్లానుతో ఏ సంస్థకూ భవన నిర్మాణ అనుమతి గాని, పూర్తయినట్టు ధ్రువపత్రం గాని ఇవ్వకూడదు. చిక్కల్లా ఆ ప్రమాణాలు చాలావరకు సలహాల రూపంలో ఉండిపోవటంలో ఉంది. చూపులేని హక్కుల కార్యకర్త రాజీవ్ రతూరి 2005లో వేసిన వ్యాజ్యంలో, క్షేత్రస్థాయి పరిస్థితిపై నివేదిక ఇవ్వవలసిందిగా సుప్రీంకోర్టు హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వైకల్య అధ్యయన కేంద్రాన్ని కోరింది. ఆ నివేదికను పరిశీలించి 2024 నవంబరు 8న ఇచ్చిన తీర్పులో, ఈ చట్టం కింద వచ్చిన 2017 నాటి నియమావళిలో అందుబాటు ప్రమాణాలకు సంబంధించిన 15వ నియమం చట్టం ఉద్దేశానికి విరుద్ధమని కోర్టు తేల్చి, తప్పనిసరిగా పాటించవలసిన కనీస ప్రమాణాలను సలహాల నుంచి వేరుచేసి మూడు నెలల్లో రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ర్యాంపు వాలు, తలుపు వెడల్పు వంటివి టేపుతో కొలవగలిగినవి గనుక కనీస ప్రమాణాల్లో సులువుగా చోటు సంపాదిస్తాయి. గది ఎలా మోగుతుందన్నది అక్కడ చేరాలంటే దాన్ని కూడా కొలతల్లోకి తేవాలి. ఆ పనికి కావలసిన సూత్రం సాబైన్ నాటి నుంచి ఉన్నదే.

సొంత ఫ్లాటు లోపలి సంగతి ఏ నియమమూ చెప్పదు, చెప్పనక్కరలేదు కూడా. నడవలో తివాచీ తీసివేయటం, గడియారం చోటు ఖాయం చేయటం, తలుపులకు స్ప్రింగులు బిగించటం ఇంటివారు ఒక ఆదివారం చేసుకోగల పనులు. ఉమ్మడి భాగాల విషయంలో నిర్ణయం ఫ్లాటు యజమానుల సంఘానిది. మాదాపూర్, కొండాపూర్ ప్రాంతాల్లో రెండు దశాబ్దాల కింద కట్టిన సముదాయాలు ఇప్పుడు లాబీల్లో అరిగిన రాయిని తీసి కొత్తది వేయించుకొనే దశకు వచ్చాయి. మేస్త్రీకి పని అప్పగించే ముందు, లిఫ్టు తలుపు ఎదుటా మెట్ల మొదట్లోనూ కర్రకు వేరేగా పలికే బండ వేయాలని, సరి సంఖ్య అంతస్తులకూ బేసి సంఖ్య అంతస్తులకూ వేర్వేరు రాళ్లు ఎంచాలని సంఘం తీర్మానించవచ్చు. నమూనా రాళ్లను బల్ల మీద పేర్చి రంగు చూసి ఎంచుకొనే అలవాటు పక్కన పెట్టి, వాటిని నేల మీద పరిపించి, ఆ సముదాయంలోనే ఉండే చూపు తగ్గిన పెద్దవారెవరినైనా పిలిచి కర్రతో తట్టి చూడమంటే, ఏ రెండు రాళ్ల మధ్య తేడా చెవికి ఆనుతుందో వారే చెబుతారు.